తినువానికి తెలియవలదా? ఫాస్ట్ ఫుడ్ సంస్థలు, సంకలిత పదార్థములు

"తినబోవుచు రుచులడుగ నేల?" అనునది మనవారి సామెత. వంట ఇంటిలో జరిగినంత కాలము ఆ సామెత చక్కగా చెల్లినది. కుండలో ఏమి పడినదో, ఏ నూనెలో పోపు వేసిరో, మాంసము ఏ కొట్టునుండి వచ్చినదో ఇంటిల్లిపాదికిని తెలియును. తెలిసినదానిని మరల అడుగుట అనవసరము. కాని నేడు మన భోజనములో కొంత భాగము గడప దాటి పోయినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో బర్గరు, పిజ్జా, వేయించిన కోడిముక్కలు అమ్ము అంతర్జాతీయ సంస్థల దుకాణములు వెలసినవి. కళాశాల విడిచిన సాయంకాలమున విద్యార్థులు గుంపుగా చేరు చోట్లలో అవియును ఒకటైనవి. అచ్చట వండువాడు మన కంటికి కనబడును. కాని వంటలో అధిక భాగము అంతకుముందే ఎక్కడో కర్మాగారమున జరిగి, గడ్డకట్టిన ముక్కలుగా పెట్టెలలో వచ్చి చేరుచున్నది. అందులో ఏమేమి కలిసినదో తినువానికి తెలియదు. పెక్కు సందర్భములలో అమ్ము కుర్రవానికిని తెలియదు.

ఇట్టి సంస్థలు తమ ఆహారములో కలుపు పదార్థములను గూర్చి మనకు నిజము చెప్పుచున్నవా? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న ఇదియే. ఆ పదార్థములు ఆరోగ్యమునకు మంచివా, చెడ్డవా అనునది వేరొక ప్రశ్న. ఈ రెంటిని కలగలిపి మాట్లాడుటవలననే ఈ విషయమున ఇంత గందరగోళము ఏర్పడినదని మా అభిప్రాయము. విషము కాని దానిని దాచుటయు దాచుటయే. అట్లే, బహిరంగముగా చెప్పినంత మాత్రమున చెరుపు చేయునది మేలు చేయదు. మన వీధులలో "ఫాస్ట్ ఫుడ్ సెంటరు" అను బోర్డు కట్టి నూడుల్సు, ఫ్రైడ్ రైసు అమ్ము బండ్ల సంగతి తుదకు ప్రస్తావింతుము. ముందుగా, ఒకే పేరుతో అనేక నగరములలో, అనేక దేశములలో నడచు గొలుసు సంస్థలను పరిశీలింతము.

సంకలిత పదార్థము లనగా నేమి?

ఆహారమునకు రంగు, రుచి, వాసన, మెత్తదనము కల్పించుటకు గాని, అది చెడిపోకుండ నిలువ చేయుటకు గాని కావలెనని కలుపు పదార్థమును సంకలిత పదార్థ మందురు. కల్తీ వేరు, ఇది వేరు. కల్తీ నేరము. సంకలితము చట్టము అనుమతించిన పరిమితిలో చేయు పని. ఇది క్రొత్త విద్యయు కాదు. ఆవకాయలో ఉప్పు, ఆవపిండి, నూనె చేయు పని నిలువ చేయుటయే. బజ్జీల పిండిలో చిటికెడు వంటసోడా వేయు గృహిణియు, బిర్యానీపై కుంకుమపువ్వు నానిన పాలు చల్లు వంటవాడును రుచికి, రంగునకు ఏదో ఒకటి కలుపుచున్నవారే.

గొలుసు సంస్థలకు ఈ అవసరము మరింత ఎక్కువ. ఢిల్లీలో తిన్నదియు, హైదరాబాదులో తిన్నదియు ఒకే రంగుతో, ఒకే రుచితో ఉండవలెననునదే వారి వ్యాపార రహస్యము. ఫ్రెంచ్ ఫ్రైస్ అను బంగాళాదుంప వేపుడును ఉదాహరణగా తీసికొందము. దుంపను కర్మాగారమున కోసి, వేడినీట ఉడికించి, సగము వేయించి, గడ్డకట్టించి దూరప్రాంతములకు పంపుదురు. ఉడికిన దుంపలోని ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లముతో కలిసి గాలి సోకగనే బూడిద రంగునకు తిరుగును. అట్లు జరుగకుండ సోడియమ్ ఆసిడ్ పైరోఫాస్ఫేటు అను లవణమును వాడుదురు. అది ఇనుమును తనలో బంధించి ఉంచును. దుంపలోని చక్కెర పాలు కోత కాలమునుబట్టి, నిలువ ఉంచిన తీరునుబట్టి మారును గనుక, వేపుడు అన్ని కాలములలో ఒకే బంగారు వన్నెతో ఉండుటకు డెక్స్‌ట్రోజు అను చక్కెరను పట్టింతురు. కాగు నూనె నురుగు కట్టకుండుటకు డైమిథైల్ పాలీసిలోక్సేను అను సిలికాను సమ్మేళనమును స్వల్పముగా కలుపు దేశములును కలవు. ఇవి ఏవియు రహస్య విషములు కావు. వాడుకకు అనుమతి కలిగి, పరిమితికి లోబడినవే.

ఇట్టి పదార్థములను గుర్తించుటకు అంతర్జాతీయముగా అంకెలు ఏర్పరచిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో స్థాపించిన కోడెక్స్ అలిమెంటేరియస్ సంఘము ఈ పద్ధతిని నడుపుచున్నది. మన ఇండ్లలో నిమ్మ ఉప్పు అను సిట్రిక్ ఆమ్లము 330. అజినొమోటో అని పిలువబడు మోనోసోడియమ్ గ్లుటమేటు 621. అంకె చూచి భయపడవలసిన పని లేదు. అంకె వెనుక నున్నది తెలిసికొనవలసిన పని మాత్రము ఉన్నది.

అమెరికాలో బంగాళాదుంపల ఉదంతము

గొలుసు సంస్థల సత్యనిష్ఠను కొలుచుటకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతము ఉత్తమమైన గీటురాయి. మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఆ దేశమున చాలకాలము తన బంగాళాదుంపలను అధిక భాగము ఆవు, ఎద్దు కొవ్వుతో కూడిన నూనెలో వేయించెడిది. 1980 తరువాత గుండెజబ్బులను గూర్చి ఆందోళన పెరిగినది. గుండెపోటునుండి బయటపడిన ఒమాహా నగర వ్యాపారి ఫిల్ సోకొలాఫ్ సొంత ధనముతో వార్తాపత్రికలలో పూర్తి పుట ప్రకటనలు వేయించి ఇట్టి కొవ్వులపై ప్రచారము సాగించెను. 1990 జూలైలో ఆ సంస్థ ఇకమీదట నూటికి నూరుపాళ్ళు శాకనూనెలోనే వేయింతుమని ప్రకటించెను.

ఆ ప్రకటన విని అమెరికాలోని శాకాహారులు సంతోషించిరి. అందులో అచ్చట స్థిరపడిన భారతీయ కుటుంబములు అనేకము. మాంసము ముట్టనివారు ఆ దుకాణమున తినదగినది ఇదియొక్కటే యని పిల్లలకు కొనిపెట్టిరి. కాని కొవ్వుతోపాటు పోయిన రుచిని తిరిగి తెచ్చుటకు కర్మాగారముననే దుంప ముక్కలకు గొడ్డుమాంసమునుండి తీసిన రుచి ద్రవ్యమును స్వల్పముగా చేర్చుచుండిరి. పదార్థముల పట్టికలో అది "సహజ రుచి ద్రవ్యము" అను పేరుతో మాత్రమే ఉండెడిది. అమెరికా నిబంధనల ప్రకారము మొక్కనుండి వచ్చినను, మాంసమునుండి వచ్చినను, పాలనుండి వచ్చినను ఆ పేరు చెల్లును.

2001 మే నెలలో సియాటిల్ నగరమున శాకాహారుల పక్షమున వ్యాజ్యము దాఖలాయెను. వేపుడు శాకాహారమని తాము ఎన్నడును చెప్పలేదని సంస్థ వాదించెను. 2002లో రాజీ కుదిరినది. సంస్థ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లను శాకాహార సంఘములకు, హిందూ, సిక్కు సంస్థలకు, బాలల సంక్షేమమునకు, యూదుల ఆహార నియమములకు సంబంధించిన సంస్థలకు ఇచ్చుటకు అంగీకరించెను.

ఇందులో సంస్థ పలికిన అబద్ధము ఏది? శాకనూనెలో వేయించుచున్నామని చెప్పిరి, అది నిజమే. "సహజ రుచి ద్రవ్యము" అనిరి; చట్టమునుబట్టి అదియు నిజమే. కాని ఆ రెండు నిజములను విన్నవాని మనస్సులో నిలిచినది అబద్ధము. కురుక్షేత్రమున ధర్మరాజు అశ్వత్థామ మరణవార్తను బిగ్గరగా పలికి, చచ్చినది ఏనుగనుమాటను మెల్లగా పలికిన ఘట్టము మనకు తెలిసినదే. మెల్లగా పలికినదే అసలు సంగతియైనప్పుడు, బిగ్గరగా పలికిన సత్యము సత్యము కాజాలదు.

కథ అంతటితో ముగియలేదు. 2006 ఫిబ్రవరిలో అదే సంస్థ, అమెరికాలో తన వేపుడులోని రుచి ద్రవ్యమున గోధుమ, పాలకు సంబంధించిన పదార్థములు కలవని వెల్లడించెను. అంతకుముందు అట్టివి లేవని నమ్మి తినినవారిలో గోధుమ పడని రోగులు, పాలు గిట్టని పిల్లలు ఉండిరి. మొదటి ఉదంతమున దెబ్బతిన్నది విశ్వాసము. రెండవదానిలో ప్రశ్న ఆరోగ్యమునకే సంబంధించినది. కారణము మాత్రము ఒక్కటే: మూడు మాటల వెనుక దాగిన ముడిసరకు. నేడు ఆ సంస్థ అమెరికా పట్టికలో గొడ్డుమాంసపు రుచి ద్రవ్యము, గోధుమ, పాలు అని స్పష్టముగా వ్రాయుచున్నది.

భారతదేశమున ఆ సంస్థ 1996 అక్టోబరులో ఢిల్లీలో మొదటి దుకాణము తెరచినపుడే గోమాంసమును, పందిమాంసమును విడిచిపెట్టినది. 2001లో అమెరికా వార్త వినగనే ముంబయి పరిసరములలో ఆ దుకాణములపై దాడులు జరిగినవి. ఇచ్చటి వేపుడులో గొడ్డుమాంస ద్రవ్యము లేదని సంస్థ వివరణ ఇచ్చెను. దీనినుండి విద్యార్థులు గ్రహింపవలసిన దేమనగా, పేరు ఒకటే యైనను పదార్థములు దేశదేశమునకు మారును. అమెరికా పట్టిక చూచి ఇచ్చటి ఆహారమును నిందించుట తప్పు. ఇచ్చటి ఆచారము చూచి విదేశమున నిశ్చింతగా తినుటయు తప్పే. పై చదువులకు విదేశములకు పోవు మన విద్యార్థులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

మన దేశమున రేగిన వివాదములు

1995లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ సంస్థ బెంగుళూరులో దుకాణము తెరచిన కొలది నెలలకే, కోడిముక్కలలో మోనోసోడియమ్ గ్లుటమేటు నాటి చట్టము విధించిన నూటికి ఒక పాలు పరిమితిని మించినదని చెప్పి నగరపాలక అధికారులు దానిని మూయించిరి. పిమ్మట హైకోర్టు జోక్యముతో అది తిరిగి తెరువబడినది. ఆనాడు విదేశీ సంస్థల రాకను వ్యతిరేకించు రైతు ఉద్యమము బలముగా ఉండెను. కావున పరీక్షాశాలలో తేలవలసిన విషయము వీధిలో నినాదమైనది. సంకలితములను గూర్చిన చర్చ రాజకీయ ఆయుధమైనపుడు సత్యము ఇరుపక్షముల నడుమ నలిగిపోవునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఈ గ్లుటమేటు అంత భయంకరమైనదా? జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచునుండి దీని రుచిని గుర్తించెను. టమాటాలో, పుట్టగొడుగులలో, మాగిన జున్నులో అది సహజముగనే కలదు. 1968లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఒక లేఖతో దీనిపై అనుమానములు వ్యాపించినవి. తరువాతి పరిశోధనలు, మామూలు మోతాదులో ఎక్కువమందికి హాని కలుగునని నిరూపింపలేదు. ఐనను వలదనుకొను హక్కు తినువానికి కలదు. ఉన్నదని తెలిసినపుడే ఆ హక్కునకు విలువ.

రొట్టె విషయము మరియొకటి. 2014లో అమెరికాలో సబ్‌వే సంస్థ రొట్టెపిండిని మెత్తపరచుటకు అజోడైకార్బనమైడు అను పదార్థమును వాడుచున్నదని ఒక మహిళ ప్రజల సంతకములతో విజ్ఞప్తి నడపెను. ప్లాస్టిక్ నురుగు సామగ్రి తయారీలోను వాడు ఆ పదార్థమును అమెరికా చట్టము పిండిలో పది లక్షల పాళ్ళకు 45 పాళ్ళవరకు అనుమతించుచున్నది. ఐరోపా అనుమతించుట లేదు. సంస్థ దానిని మానివేసెను. ఇచ్చట గమనింపదగిన దేమనగా, ఆ పదార్థము సంస్థ ప్రకటించిన పట్టికలోనే ఉండెను. దాచలేదు, కాని చదివినవాడు లేడు, చదివినను అర్థమగు భాషలో లేదు.

2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ రొట్టెలు, బన్నులు, పిజ్జా, బర్గరు రొట్టెలు మొదలగు 38 నమూనాలను పరీక్షించి, 32 నమూనాలలో పొటాసియమ్ బ్రోమేటు గాని అయోడేటు గాని జాడలు కనుగొనినట్లు ప్రకటించెను. అందులో గొలుసు దుకాణముల రొట్టెలును కలవు. తాము అట్టివి వాడుట లేదని కొన్ని సంస్థలు చెప్పినవి. బ్రోమేటు మానవులలో కాన్సరు కలిగించుటకు అవకాశము గలదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంతకుముందే వర్గీకరించియుండెను. నెల తిరుగకముందే, 2016 జూన్‌లో, మన ఆహార భద్రత ప్రమాణముల ప్రాధికార సంస్థ పొటాసియమ్ బ్రోమేటును నిషేధించెను. అంతవరకు దాని వాడుక చట్టబద్ధమే. కావున చట్టము ఒప్పుకొన్నదనుట సంపూర్ణమైన సమాధానము కాదు. నేటి చట్టము రేపు మారవచ్చును.

"లేదు" అను మాటలోని చమత్కారము

ఉన్నదానిని చెప్పకుండుట ఒక పద్ధతి. లేదని చెప్పుట మరియొక పద్ధతి. 2015 జూన్‌లో నెస్లే సంస్థవారి మ్యాగీ నూడుల్సును ప్రాధికార సంస్థ నిషేధించినపుడు చూపిన కారణములలో, సీసము పాలుతోపాటు, "మోనోసోడియమ్ గ్లుటమేటు కలుపలేదు" అని పొట్లముపై వ్రాయుట మోసపుచ్చునదనునది ఒకటి. అదే సంవత్సరము ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసి తిరిగి పరీక్షలు చేయించుమనెను. నవంబరులో నూడుల్సు అంగడికి తిరిగి వచ్చినవి. అది పొట్లపు ఆహారమే గాని దుకాణపు వంట కాదు. ఐనను పాఠము ఇరువురికిని ఒక్కటే. గ్లుటమేటును విడిగా కలుపకపోయినను, ఈస్టు సారము, విచ్ఛిన్నము చేసిన పప్పుల మాంసకృత్తులు కలిపినచో అందులో అది సహజముగనే ఉండును. అట్టి ఆహారముపై "గ్లుటమేటు లేదు" అని వ్రాయరాదని అమెరికా ఆహార ఔషధ సంస్థ చెప్పుచున్నది. "కలుపలేదు" అను మాటకు, "లేదు" అను మాటకు ఎంత అంతరమో తెలుగు చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అంకె చెప్పని సంగతి

మన కళాశాల వంటి చోట మరి లోతైన ప్రశ్న ఒకటి కలదు. పదార్థము పేరు తెలిసినను, అది దేనినుండి వచ్చినదో తెలియుట లేదు. రొట్టెలలో, ఐస్‌క్రీములలో వాడు 471 తాటి జాతి నూనెనుండి రావచ్చును. సోయా నూనెనుండి రావచ్చును. జంతువు కొవ్వునుండియు రావచ్చును. పిండిని సాగదీయు 920 పక్షుల ఈకలనుండి గాని, కిణ్వప్రక్రియతో గాని తయారగును. ఎఱ్ఱ రంగునిచ్చు 120 కోచినీల్ అను పురుగులనుండి తీసినది. రుచి పెంచు 631 మాంసమునుండి, చేపనుండి, లేదా పిండిపదార్థమును పులియబెట్టియు తీయవచ్చును. అంకె ఒక్కటే, పుట్టుక వేరు.

మన దేశమున పొట్లములపై శాకాహారమునకు పచ్చచుక్క కలదు. మాంసాహారమునకు మొదట గోధుమరంగు చుక్క ఉండెడిది. నేడు గోధుమరంగు త్రిభుజము. ఇది ఎంతో ఉపకారము చేసినది. శాకాహారి పచ్చగుర్తు చూచి ధైర్యము చెందును. కాని కోడిమాంసపు బర్గరు తినువాని సంగతి ఏమి? ఆ త్రిభుజము "ఇందులో జంతు సంబంధమైనది కలదు" అని మాత్రమే చెప్పును. కోడి ఉన్న సంగతి కంటికే తెలియుచున్నది. రొట్టెలోని 471 ఏ జంతువు కొవ్వు? ముస్లిము సోదరునికి అది పందిదేమో యను సంశయము, పైగా హలాలా కాదా యను సంశయము. కోడి తిను హిందూ సోదరునికి అది గోవుదేమో యను సంశయము. ఇద్దరి ప్రశ్నయు ఒక్కటే: "ఇది ఎక్కడినుండి వచ్చినది?" ఒకే బల్ల వద్ద కూర్చున్న ఇద్దరు మిత్రులకు ఒకే సమాధానము కావలసియున్నది.

ఈ ప్రశ్నకు 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒక మార్గము చూపెను. ఆహారములోని ప్రతి పదార్థమును అంకెతో మాత్రమే గాక, అది మొక్కదా, జంతువుదా, ప్రయోగశాలలో చేసినదా అను విషయముతో సహా వెల్లడింపవలెననియు, పరిమాణము ఎంత స్వల్పమైనను దాచుటకు వీలులేదనియు తీర్పు చెప్పినది. తినువానికి తాను తినునదేమో తెలిసికొను హక్కు కలదనునదే దాని సారము.

చట్టము ఎంతవరకు వచ్చినది?

1954నాటి కల్తీ నిరోధక చట్టము స్థానమున 2006లో ఆహార భద్రత ప్రమాణముల చట్టము వచ్చినది. దాని క్రింద 2020లో చేసిన నిబంధనల ప్రకారము, పది లేక అంతకు మించిన శాఖలుగల భోజన సంస్థలు తమ వంటకముల పట్టికలో ప్రతి వంటకమునకు ఎదురుగా దాని శక్తి విలువను కేలరీలలో చూపవలెను. గోధుమ, పాలు, గ్రుడ్లు, వేరుసెనగ, సోయా, చేపలు మొదలైన పడని పదార్థముల సమాచారము, శాకాహార మాంసాహార గుర్తులు ఇవ్వవలెను. 2022నుండి ఇది అమలులోనికి వచ్చినది. అమెరికాలో ఇరువది లేక అంతకు మించిన శాఖలుగల సంస్థలకు కేలరీల నిబంధన 2018 మే నుండి అమలగుచున్నది. ఇది ముందడుగే. కాని కేలరీల అంకె ఫలకముపై కనబడినంత సులభముగా సంకలితముల వివరము కనబడుట లేదు. పొట్లములో అమ్మునపుడు వెనుకవైపు వ్రాయవలసిన పట్టిక, అదే పదార్థము పళ్ళెములో అమ్మునపుడు కనుమరుగగుచున్నది.

ఇరువైపుల న్యాయము

ఈ సంస్థలను మాత్రమే నిందించుట న్యాయము కాదు. పెద్ద సంస్థకు పేరు పోవునను భయము కలదు. వ్యాజ్యము వేసినచో నిలుచుటకు చిరునామా కలదు. 2018 సెప్టెంబరులో మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో తన ప్రధానమైన బర్గరులనుండి కృత్రిమ రంగులను, రుచులను, నిలువ పదార్థములను తొలగించితిమని ప్రకటించుచు, ఊరగాయ ముక్కలో మాత్రము కృత్రిమ నిలువ పదార్థము మిగిలియున్నదని తానే చెప్పినది. ఆ చివరి మాట గౌరవింపదగినది. మరి మన వీధి బండిపై ఎఱ్ఱగా మెరయు గోబీ మంచూరియాలో ఏ రంగు ఉన్నదో ఎవరిని అడుగుదుము? 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము, నమూనాలలో బట్టలకు వాడు రోడమీన్-బి అను రంగు బయటపడినపిదప, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధింపవలసివచ్చినది. చిన్న బండికి పట్టిక లేదు, పెద్ద దుకాణమునకు పట్టిక ఉన్నను చదువువాడు లేడు. రెండు చోట్లను నష్టపోవువాడు తినువాడే.

ఇక మేము లేవదీసిన ప్రశ్నకు సమాధానము. ఈ సంస్థలు పచ్చి అబద్ధములు చెప్పుట అరుదు. సంపూర్ణ సత్యము తమంత తాముగా చెప్పుటయు అరుదే. పై ఉదంతములను వరుసగా చూడుడు. 2001లో న్యాయస్థానమునకు పోయినవారు, 2014లో సంతకములు సేకరించిన మహిళ, 2016లో నమూనాలు పరీక్షించిన సంస్థ, 2021లో తీర్పు కోరినవారు, వీరందరు బయటివారే. ఎవరో ఒకరు గట్టిగా అడిగినపిదపనే సత్యము బల్లమీదికి వచ్చినది. కనుక పెద్దల సామెతను కొంచెము మార్చుకొని, తినబోవు ముందే అడుగవలసిన కాలము వచ్చినది.

మన కర్తవ్యము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములలో పొట్లములపై సమాచారమును చదువుట ఒక సూత్రముగా చేర్చినది. దుకాణమునకు పోవు విద్యార్థి కూడ అట్టి అలవాటు చేసికొనవలెను. రుచి ద్రవ్యము దేనినుండి తీసినది? రొట్టెలో, జున్నులో జంతు సంబంధమైనది ఏమి? హలాల్ ధ్రువపత్రము ఉన్నచో అది మాంసమునకు మాత్రమేనా, రొట్టెకును వర్తించునా? పాలు, వేరుసెనగ, గోధుమ కలవా? ఈ నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగినచో ఎవరును కోపించరు. సమాధానము రానిచో అదియు ఒక సమాధానమే.

మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలెననియు, వాన తడిపినదని వర్తకుడు చెప్పగా, మరి ఆ తడిసినదానిని జనులు చూచునట్లు పైననే ఎందుకు ఉంచలేదని అడిగిరనియు హదీసు గ్రంథములలో కలదు. తడిసిన ధాన్యమును అమ్మవలదని వారు అనలేదు, దాచవలదనిరి. నేటి సంకలితముల చర్చకు ఇంతకంటె సరియైన కొలబద్ద మాకు తోచుట లేదు.

ఇతరులను అడుగుటకు ముందు మన ఇంటిని చక్కదిద్దుకొనుట ధర్మము. కావున కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒకటి. మన క్యాంటీను గోడపై ఒక నల్లబల్ల పెట్టించి, ఆనాటి వంటకములకు వాడిన నూనె ఏది, రంగు కలిపిరా లేదా, అజినొమోటో వేసిరా లేదా, మాంసము ఎక్కడినుండి తెచ్చిరి, పాలు, వేరుసెనగ, గోధుమ ఏ వంటకములలో కలవు అను వివరములను తెలుగులోను, ఉర్దూలోను ప్రతిదినము వ్రాయించవలెనని కోరుచున్నాము. ఖర్చు సుద్దముక్కకు మించదు. వ్రాయు పని విద్యార్థులమే వంతులవారీగా చేయగలము. ఆ బల్లముందు నిలిచి చదువుటకు అలవాటుపడిన విద్యార్థి, రేపు ఏ నగరమున ఏ పెద్ద దుకాణమునకు పోయినను, అడుగుటకు సంకోచింపడు.